జవాబుకూ ఒక తేదీ ఉంటుంది

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నాకు ఇచ్చిన అంశం జనరల్ నాలెడ్జి. చాలా ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి, క్విజ్‌లు పెట్టినవాణ్ని కాబట్టి ఇది నాకే అంటగట్టారు. అయితే నిన్న రిహార్సల్ దగ్గర తొమ్మిదో తరగతి పాప ఒకతి నన్ను అడిగింది: "సార్, ఫోన్‌లో కొడితే రెండు సెకన్లలో వస్తుంది కదా, ఇంకా జీకే ఎందుకు నేర్చుకోవాలి?" మంచి ప్రశ్న. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ పాపకు జవాబే అనుకోండి.

నేను చెప్పదలచింది ఒక్కటే. జవాబు తెలిస్తే చాలదు. ఆ జవాబు ఎప్పటిది, ఎక్కడిది, ఎలా కొలిచి చెప్పింది అన్న మూడు సంగతులూ తెలియాలి. వీటికి ఉదాహరణల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. శంషాబాద్ దాటకుండానే అన్నీ దొరుకుతాయి.

ముందు "ఎప్పటిది" అన్న సంగతి చూద్దాం. మన దేశంలో అతి పొడవైన జాతీయ రహదారి ఏది? ఇక్కడున్న పాత బ్యాచ్‌లన్నీ ఒకే గొంతుతో "ఏడో నంబరు" అంటాయి. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా పోయే ఎన్‌హెచ్ 7. ఇప్పటి పిల్లలు "నలభై నాలుగు" అంటారు. 2010లో రహదారుల నంబర్లన్నీ మార్చారు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఉన్నది ఎన్‌హెచ్ 44 అయింది. రెండు జవాబులూ వాటి వాటి కాలంలో సరైనవే. తమాషా ఏమిటంటే, పాత జవాబు ప్రకారమైనా, కొత్త జవాబు ప్రకారమైనా ఆ రోడ్డు మన శంషాబాద్ మీదుగానే పోతుంది. రోడ్డు ఉన్నచోటే ఉంది, జవాబు మారింది.

శంషాబాద్ ఏ జిల్లాలో ఉంది? 1978 ఆగస్టు 15కు ముందు హైదరాబాద్ జిల్లా, ఆ తర్వాత రంగారెడ్డి జిల్లా. ఏ రాష్ట్రం? 2014 జూన్ 2కు ముందు ఆంధ్రప్రదేశ్, ఆ తర్వాత తెలంగాణ. మన రాష్ట్ర పుష్పం ఏది? మనం చదువుకున్నప్పుడు కలువ, ఇప్పుడు తంగేడు. రాష్ట్ర పక్షి మాత్రం అప్పుడూ ఇప్పుడూ పాలపిట్టే. ఇల్లు మారకుండానే జిల్లా మారింది, రాష్ట్రం మారింది, పువ్వు మారింది. పిట్ట ఒక్కటే నిలబడింది.

గ్రహాలు ఎన్ని? 2006 ఆగస్టు 24 దాకా తొమ్మిది. ఆ రోజు ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహం అంటే ఏమిటో నిర్వచనం ఖాయం చేసింది. దాంతో ప్లూటో మరుగుజ్జు గ్రహాల పట్టీలోకి పోయి ఎనిమిదే మిగిలాయి. ప్లూటో అక్కడే తిరుగుతోంది, మన మాటకు అర్థం మారింది. ఐక్యరాజ్యసమితిలో సభ్య దేశాలెన్ని? 1975 చివరికి 144. ఇప్పుడు 193. హైదరాబాద్ విమానాశ్రయం ఎక్కడుంది అంటే 2008 మార్చి 22 దాకా బేగంపేట అన్నవాడికి మార్కు పడేది. మార్చి 23 నుంచి శంషాబాద్ అన్నవాడికి పడింది. అందుకే నేను క్విజ్ పెట్టినప్పుడు ప్రశ్న పక్కన సంవత్సరం కూడా రాసుకునేవాణ్ని. పాల ప్యాకెట్ మీద తేదీ ఉన్నట్టు జవాబుకూ ఒక తేదీ ఉంటుంది.

రెండోది "ఎక్కడిది". నీళ్లు ఎన్ని డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి? సభ మొత్తం నూరు అంటుందని తెలుసు. నూరే, కాకపోతే సముద్రమట్టం దగ్గర. మచిలీపట్నంలో చెబితే ఆ జవాబు సరిపోతుంది. మనం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నాం. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తొందరగా మరుగుతాయి. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున లెక్క వేసుకుంటే మన బడి ల్యాబులో నీళ్లు దాదాపు 98 డిగ్రీల దగ్గరే మరగాలి. ఎవరైనా థర్మామీటరు పెట్టి 98 చూసి, పుస్తకంలో ఉంది కదా అని రికార్డులో 100 రాస్తే, కళ్లతో చూసింది వదిలేసి చెప్పుకున్నది రాసినట్టు. సైన్సు సార్లకు నా విన్నపం ఒక్కటే: 98 రాసిన పిల్లవాడికి పూర్తి మార్కులు వేయండి.

ఇంకో ప్రశ్న. మధ్యాహ్నం సరిగ్గా 12 గంటలకు సూర్యుడు ఆకాశంలో అన్నిటికంటే ఎత్తున ఉంటాడా? మన గడియారాలన్నీ 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. మనం ఉన్నది దాదాపు 78 డిగ్రీల 26 నిమిషాల దగ్గర. తేడా నాలుగు డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అంటే మనకు అసలైన మిట్టమధ్యాహ్నం గడియారంలో పన్నెండు దాటాక సుమారు 16 నిమిషాలకు వస్తుంది. ఏడాదిలో రోజును బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది.

ఇక్కడే మన పిల్లలకు ఒక మంచి ఆట ఉంది. మనం ఉన్నది దాదాపు 17 డిగ్రీల 15 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద, కర్కాటక రేఖకు దక్షిణాన. కాబట్టి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఒకసారి మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో. ఆ రోజున, ఆ క్షణంలో నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఢిల్లీ పిల్లలు ఈ వింత వాళ్ల ఊళ్లో ఎన్నటికీ చూడలేరు, ఢిల్లీ కర్కాటక రేఖకు పైన ఉంది కాబట్టి. మే నెలలో బడికి సెలవులు. ఆగస్టు 3న బడి ఉంటుంది. మబ్బు పట్టకపోతే పన్నెండుంపావు దాటగానే పిల్లలందర్నీ జెండా కర్ర దగ్గర నిలబెట్టండి. సుమారు 12 గంటల 22 నిమిషాలకు జెండా కర్ర నీడ దాని మొదట్లోకే ముడుచుకుంటుంది. అక్షాంశం, రేఖాంశం అన్న మాటలు ఆ పూట నేర్చుకున్నవాడు మళ్లీ మరిచిపోడు.

మూడోది "ఎలా కొలిచారు". ముచ్చింతల్‌లో రామానుజాచార్యుల సమతామూర్తి విగ్రహం ఎత్తెంత? 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరణ జరిగిన నాటి నుంచి అందరి నోటా ఒకే అంకె, 216 అడుగులు. ఆ అంకెను విడదీసి చూడండి. కింద భద్రవేదిక 54 అడుగులు. దాని మీద పద్మపీఠం 27 అడుగులు. దాని మీద కూర్చున్న మూర్తి 108 అడుగులు. చేతిలోని త్రిదండం మూర్తి కంటే పైకి లేచి 135 అడుగులు ఉంటుంది. 54, 27, 135 కలిపితే 216. అంటే 216 అన్నవాడూ 108 అన్నవాడూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కొలత మొదలుపెట్టిన చోటు, ఆపిన చోటు వేరు. న్యూయార్క్ లిబర్టీ విగ్రహం కూడా అంతే. విగ్రహం వరకే అయితే 46 మీటర్లు, పీఠంతో కలిపితే 93. కాబట్టి ఏది ఎత్తు, ఏది తక్కువ అని పందెం కాసే ముందు టేపు ఎక్కడ పెట్టారో అడగండి.

ఎవరెస్టుదీ అదే కథ. మనం 8,848 మీటర్లు అని చదివాం. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన అంకె 8,848.86. అది సముద్రమట్టం నుంచి. సముద్రం అడుగున ఉన్న పాదం నుంచి కొలిస్తే హవాయి దీవుల్లోని మౌనా కియా పది వేల మీటర్లు దాటుతుంది. భూమి నడిమధ్య నుంచి కొలిస్తే ఈక్వెడార్‌లోని చింబొరాజో శిఖరం అన్నిటికంటే దూరాన ఉంటుంది. భూమి మధ్యలో కాస్త ఉబ్బి ఉండటమే దానికి కారణం.

కొండల మాట వచ్చింది కాబట్టి మన గుట్టల గురించి ఒక మాట. పిల్లలు హిమాలయాల గురించి పేజీలు పేజీలు రాస్తారు. బడి వెనక ఉన్న రాళ్లను రాళ్లే అనుకుంటారు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భారత భూభాగం ఆసియాను ఢీకొని హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లు. అంటే మన గుట్టలు హిమాలయాల కంటే యాభై రెట్లు పెద్దవాళ్లు. బండ మీద బండ ఎవరో ఎత్తి పెట్టినట్టు నిలబడి ఉంటే భీముడు పెట్టాడని మన నాయనమ్మలు చెప్పేవారు. నిజానికి ఎవరూ పెట్టలేదు. భూమి లోపలే పగుళ్ల వెంట నీరు దిగి, రాయి మూలలు మెత్తబడి, లక్షల ఏళ్లలో ఆ మెత్తని మట్టి కొట్టుకుపోగా గట్టి గుండు అక్కడే మిగిలింది. 250 కోట్ల ఏళ్ల వస్తువును కంకర మిషన్‌లో వేసే ముందు ఆ వయసు ఒక్కసారైనా తలచుకోవాలి.

ఇక విమానాలు. మన పిల్లలకు విమానం ఆకాశంలో కాకి ఎగిరినంత మామూలు. తల కూడా ఎత్తి చూడరు. కానీ ఎత్తి చూస్తే అందులో ఒక పాఠం ఉంది. మన రన్‌వేకు ఒక కొసన 09 అని, ఇంకో కొసన 27 అని రాసి ఉంటుంది. అవి వరస నంబర్లు కావు. దిక్సూచి మీద 90 డిగ్రీలు తూర్పు, 270 డిగ్రీలు పడమర. చివరి సున్న తీసేస్తే 09, 27. బేగంపేట రన్‌వే కూడా 09, 27. ఎందుకు రెండూ తూర్పు పడమరలుగానే ఉన్నాయి? విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగా దిగుతుంది. రెక్కల మీదుగా గాలి జోరుగా పోతే తక్కువ పరుగుతోనే పైకి లేవవచ్చు. మనకు వానకాలంలో గాలి పడమటి నుంచి, చలికాలంలో ఎక్కువగా తూర్పు వైపు నుంచి వీస్తుంది. అందుకే ఆషాఢంలో మన విమానాలు పడమరకు ముఖం పెట్టి లేస్తాయి. రేడియో పెట్టకుండా, ఫోన్ చూడకుండా గాలి ఎటు నుంచి వీస్తోందో చెప్పాలంటే విమానం ఎటు లేస్తోందో చూడండి. రైతు బిడ్డలకు ఇది పనికొచ్చే విద్య.

ఆ నంబర్లూ శాశ్వతం కావు సుమా. భూమి అయస్కాంత ధ్రువం మెల్లగా జరుగుతూ ఉంటుంది. లండన్ దగ్గర స్టాన్‌స్టెడ్ విమానాశ్రయంలో 05, 23 అని ఉన్న రన్‌వేకు 2009లో 04, 22 అని పేరు మార్చి రాయాల్సి వచ్చింది.

టికెట్ మీద ఉండే అక్షరాల సంగతీ చెబుతాను. హెచ్, వై, డీ అనేది బేగంపేట విమానాశ్రయానికి ఉన్న కోడ్. 2008లో అది మన శంషాబాద్‌కు వచ్చింది, బేగంపేటకు బీ, పీ, ఎం ఇచ్చారు. పాకిస్తాన్ సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది, దాని కోడ్ హెచ్, డీ, డీ. పైలట్లు వాడే కోడ్ వేరు, నాలుగక్షరాలు: వీ, ఓ, హెచ్, ఎస్. మొదటి రెండూ దక్షిణ భారతదేశం గుర్తు. చివరి ఎస్‌లో మన శంషాబాద్ ఉంది. ప్రయాణికులకు మనం హైదరాబాదే, పైలట్లకు మాత్రం శంషాబాద్ అని తెలుసు.

ఇప్పుడు భోజనానికి వస్తాను. వంటవాళ్లు అటు నుంచి చూస్తున్నారు, తొందరగా ముగిస్తాను. ఈ రోజు విస్తట్లో పప్పుచారు ఉంది. దాన్ని భూగోళం పాఠంలా చదవండి. కందిపప్పు అచ్చంగా మనది, కందిని మొదట సాగు చేసింది ఈ దేశంలోనే. పసుపు, కరివేపాకు కూడా ఈ నేలవే. చింతపండు? చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. ఎప్పుడో చాలా పూర్వం ఇక్కడికి వచ్చి ఎంత స్థిరపడిందంటే, అరబ్బులు దాన్ని మన దగ్గర చూసి 'తమ్ర్ హిందీ', అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషు టామరిండ్ అందులోంచి వచ్చిందే. ఎండుమిరపకాయ, టమాటా అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. పోర్చుగీసు ఓడలు మన తీరానికి రాకముందు ఇక్కడ కారమంటే మిరియమే. జీలకర్రది పశ్చిమాసియా వైపు. ఇంగువ ఇరాన్, అఫ్గానిస్తాన్ కొండల్లోని ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. మన దేశంలో దాన్ని పండించే ప్రయత్నంగా హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొక్కలు నాటింది 2020లో. ఒక గరిటె పప్పుచారులో మూడు నాలుగు ఖండాలున్నాయి.

మన జొన్నరొట్టె కూడా అంతే, జొన్న పుట్టింది ఆఫ్రికాలో. పల్లీలు దక్షిణ అమెరికావి, మక్కలు మెక్సికోవి. షాద్‌నగర్ దాటితే బాలానగర్, అక్కడి సీతాఫలం పేరే ఒక రకానికి పెట్టారు, వ్యవసాయ పుస్తకాల్లో 'బాలానగర్ రకం' అని ఉంటుంది. సీజన్‌లో మన రోడ్డు పక్కన గంపల్లో అమ్మేది అదే. సీతమ్మ పేరు పెట్టుకున్న ఆ పండు సొంతూరు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. బతుకమ్మలో తంగేడు మన నేలది. పక్కనే పేర్చే బంతిపువ్వు మెక్సికో నుంచి వచ్చింది, అక్కడ పితృదేవతల పండుగకు ఆ పువ్వే వాడతారు. చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్‌లో అరబ్బు మూలాల కుటుంబాలు ఇంకా హరీస్ వండుతాయి. ఆ హరీస్ మన ఊరి మసాలాలు కలుపుకుని హలీం అయింది, 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. "ఇది మా వంట, అది వాళ్ల వంట" అని పోట్లాడుకునే ముందు విస్తట్లోకి చూసుకోవాలి. వచ్చినవి కలిసిపోయి మనవయ్యాయి. శంషాబాద్ అన్న పేరే చూడండి. షమ్స్ అరబ్బీలో సూర్యుడు, ఆబాద్ పారశీకంలో జనం వసించే చోటు. ఆ పేరును తెలుగు నోటితో పలుకుతూ మనం బతుకుతున్నాం.

ఇక ఆ పాప ప్రశ్నకు వస్తాను. ఫోన్ ఉండగా జీకే ఎందుకు? ఫోన్ జవాబిస్తుంది, తల్లీ. ప్రశ్న నువ్వే వెయ్యాలి. 216 అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడగాలని ఫోన్ నీకు చెప్పదు. ఇంకో సంగతి. ఎవరో ఒకరు రాసిపెట్టిందే ఫోన్‌లో ఉంటుంది. ఎవరూ రాయని జవాబులు ఈ హాల్లో చాలా ఉన్నాయి.

విమానాశ్రయానికి సుమారు 5,500 ఎకరాలు పోయాయి. ఆ నేల మీద పొలాలుండేవి, కుంటలుండేవి, బావులుండేవి, ప్రతి చెలకకూ ఒక పేరుండేది. ఆ కుంట పేరేమిటి? ఏ కార్తెలో నిండేది, ఏ ఏడు మత్తడి దూకింది? ఎన్ని గజాలు తవ్వితే బావిలో నీళ్లు పడేవి? పునాస పంటగా ఏ జొన్న వేసేవారు? ఈ ఊరి మీద పడిన వాన ఏ వాగు పట్టి ఈసీ నదిలో, హిమాయత్‌సాగర్‌లో కలిసేది? 1908 మూసీ వరద తర్వాత, మళ్లీ అలాంటి వరద రాకుండా కట్టిన రెండు జలాశయాల్లో హిమాయత్‌సాగర్ ఒకటని పుస్తకాల్లో ఉంది, 1927లో పూర్తయిందనీ ఉంది. కానీ అందులోకి పోయే మన వాగు పేరు ఏ గైడులోనూ లేదు. అది తెలిసినవాళ్లు ఈ ముందు వరసల్లో ఉన్నారు. వాళ్లలో చాలామందికి డెబ్బై దాటింది. వాళ్లు మన మధ్య ఉండగా అడగకపోతే ఆ ప్రశ్నలకు ఇక ఏ ఫోనూ జవాబు చెప్పలేదు.

అందుకే సంఘానికి ఒక ప్రతిపాదన. భవనాలకు, బెంచీలకు చందాలు ఇస్తున్నారు, సంతోషం. దాంతో పాటు ఒక్కో బ్యాచ్ పది ప్రశ్నలు, పది జవాబులు ఇవ్వండి. అన్నీ మన ఊరివి, చుట్టుపక్కల పల్లెలవి కావాలి. ప్రతి జవాబు పక్కన మూడు గళ్లు: ఏ ఏడాది సంగతి, ఎవరు చెప్పారు, వాళ్లకు ఎలా తెలిసింది. ఇద్దరు వేరువేరుగా చెబితే రెండూ రాయండి, కొట్టెయ్యకండి. పెద్దల దగ్గరికి పోయి రాసుకొచ్చే పని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు అప్పగించండి. వచ్చే ఏడాది ఇదే రోజుకు ఆ పుస్తకం లైబ్రరీలో ఉండాలి. అందులోంచే క్విజ్ పెట్టాలి. ఆ క్విజ్‌లో మనవరాలు గెలవాలంటే తాత పక్కన కూర్చోవాల్సిందే.

పుస్తకం కోసం నా వంతు మొదటి ప్రశ్న ఇప్పుడే ఇస్తున్నాను: మన బడి జెండా కర్రకు నీడ లేని రోజు ఏది? జవాబు నా లెక్క ప్రకారం ఆగస్టు 3 ప్రాంతం. ఎలా తెలిసింది అన్న గడి ఖాళీగా వదిలిపెట్టాను. అది పిల్లలు చూసి నింపాలి.

  భోజనాలకు పదండి.